ఇంటాయన పేరు మీద బీపీ

ఉదయగిరి దుర్గం నీడ పడేంత దూరంలో ఉన్న కొర్రపాటిపల్లె ఆరోగ్య కేంద్రంలో, కంప్యూటరు లోపల, ఒక మహాపురుషుడు కాపురం ఉండేవాడు. పేరు పెంచలనరసయ్య. యాభై ఎనిమిదేళ్లు, మగ, బీపీ రోగి. నెల తప్పకుండా వస్తాడు. చెయ్యి చాపి బీపీ చూపించుకుంటాడు, మాత్రలు తీసుకుని నోరు మెదపకుండా వెళ్తాడు. వాన పడినా వస్తాడు, తిరునాళ్లయినా వస్తాడు. డాక్టరు రాని రోజున కూడా ఈయన వచ్చినట్టు కంప్యూటరు చెబుతుంది. అంతటి నియమం కలిగిన రోగి మండలం మొత్తం మీద మరొకడు లేడు.

అదే ఊళ్లో, అదే పేరుతో, ఎముకలూ రక్తమూ ఉన్న పెంచలనరసయ్య ఇంకొకాయన ఉన్నాడు. గొర్రెల కాపరి. ఆయన ఆ ఆరోగ్య కేంద్రం మెట్లు ఎక్కింది ఒక్కసారే, మందలో పొట్టేలొకటి లోపలికి దూరితే తోలుకొని రావడానికి. బీపీ లేదు, షుగరు లేదు. మాత్ర అనేది గొర్రెకు వేసేదే తప్ప మనిషి మింగేది కాదని ఆయన నమ్మకం.

ఈ ఇద్దరి మధ్య ఇరుక్కున్న మనిషి చెంచులక్ష్మి. గొర్రెలు కాసే పెంచలనరసయ్యకు ఆమె భార్య. కంప్యూటరులో ఉన్న పెంచలనరసయ్య మాత్రం సాక్షాత్తూ ఆమే.

ఇదెట్లా జరిగిందో తెలియాలంటే ఆమె సంసారం కొంచెం తెలియాలి. పుట్టింది దుత్తలూరు పక్క మెట్ట పల్లెలో. మీసకట్టు సరిగా రాని పెంచలనరసయ్య చెయ్యి పట్టుకొని కొర్రపాటిపల్లెకు వచ్చింది. డెల్టాలో వరికోతలు కాగానే ఆయన మందను తోలుకొని తూర్పుకు పోతాడు. అక్కడి రైతుల పొలాల్లో మంద కట్టి, తొలి వానలు పడి కొండ కింద పచ్చిక లేచేదాకా ఇటు తిరిగి చూడడు. ఆ నెలలన్నీ ఇల్లు ఆమెదే. సజ్జ కోయించేది ఆమె, కంది అమ్మేది ఆమె, కరెంటు పోతే లైన్‌మన్‌ను తిట్టేది ఆమె. కానీ పాసుపుస్తకం ఆయన పేరు, కరెంటు మీటరు ఆయన పేరు, గ్యాసు ఆయన పేరు. గ్యాసు బండి వచ్చి ‘పెంచలనరసయ్యా’ అని కేకేస్తే ఖాళీ సిలిండరు దొర్లించుకుంటూ వాకిట్లోకి వచ్చేది ఆమె. ఆ కేక ఇంటికి వేసిన కేక అని ఆమెకు తెలుసు. ఇంట్లో ఎవరు పలికితే ఏం?

పైగా ఆమె మొగుడి పేరు నోటితో పలకదు. ఆ వయసు ఆడవాళ్లు ఆ పక్క ఎవరూ పలకరు. ఎవరైనా అడిగితే కార్డు తీసి ముందుకు జరుపుతారు.

కొన్నేళ్ల కిందట కందిచేలో ఉండగా ఆమెకు నేల ఒక పక్కకు ఒరిగినట్టయింది. గట్టు మీద కూలబడింది. ఆశా కార్యకర్త సుకుమారి అటే పోతూ చూసి, చెయ్యి పట్టుకొని ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. సుకుమారి ఊరి శివారు పాళెంలో బాప్టిస్టు చర్చి పక్కనే ఉంటుంది. మనసు మెత్తన, నోరు గరుకు. సిస్టరు బీపీ చూసి కళ్లు పెద్దవి చేసింది. ఇంత పెట్టుకొని ఎట్లా నడిచొచ్చినావని అడిగింది.

ఆ మాట వినగానే చెంచులక్ష్మికి వాళ్లమ్మ గుర్తొచ్చింది. ఆమెకూ ఇట్లాగే నేల ఒరిగింది. ఒరిగిన నేల మళ్లీ నిటారు కాలేదు. ఎడమ పక్క పడిపోయి, నులకమంచం మీద ఏళ్లకేళ్లు ఉండిపోయింది. గంజి చెంచాతో పోస్తే సగం నోటి పక్క నుంచి కారిపోయేది. మాట రాక, కళ్లతోనే కూతురికి దండం పెట్టేది. పోయేముందు చూసిన డాక్టరు, రోజుకో మాత్ర మింగి ఉంటే ఈ గతి పట్టేది కాదన్నాడు. ఆ మాట చెంచులక్ష్మి కడుపులో మేకులా దిగింది. తాను అట్లా పడిపోకూడదు. తన గంజి తాను తాగాలి. ఆమె బతుక్కి అంతకు మించిన కోరిక లేదు.

అందుకే సిస్టరు కంప్యూటరు దగ్గర పేరు రాయించుకో అనగానే ఉరికింది. అక్కడ శాంతికుమార్ అనే కుర్ర ఆపరేటరు ఉన్నాడు. తల ఎత్తకుండా పేరు అడిగాడు. ఆమె ఇంటాయన కార్డు ముందుకు జరిపింది. బియ్యానికి ఇంటికంతా ఒకటే కార్డు, ఎవరు వేలు పెట్టినా బియ్యం వస్తాయి. ఆస్పత్రికి మాత్రం మనిషికో కార్డెందుకుంటుంది? ఆమె లెక్క అది. తన సొంత కార్డు కూడా కొంగున ఉంది గానీ, దానికి ఫోను తగిలించలేదు. పొలం పనికి వేలి గీతలు అరిగిపోయి వేలూ పడదు.

ఎదురుగా నిలబడింది ఆడమనిషనీ, కార్డు మగమనిషిదనీ శాంతికుమార్‌కు కనబడక కాదు. నెలాఖరు. ఊళ్లో ఇంతమందిని కంప్యూటరులోకి ఎక్కించాలని పైనుంచి రోజూ ఫోన్లు. ఈ కార్డుకు ఫోను ఉంది, ఫోనుకు నంబరు వస్తుంది, నంబరు కొడితే తెర పచ్చబడుతుంది, తెర పచ్చబడితే తిట్లు ఆగుతాయి. కొట్టాడు. పచ్చబడింది. ఏ ఆపరేషనూ లేకుండా, నొప్పి కూడా తెలియకుండా చెంచులక్ష్మి మగాడైపోయింది.

అప్పటి నుంచి సిస్టరు ‘పెంచలనరసయ్యా’ అని పిలవడం, చెంచులక్ష్మి లేచి పోయి చెయ్యి చాపడం. బెంచీ మీద కూర్చున్న తక్కిన ఆడవాళ్లూ అంతే. రమణయ్యా అంటే శీనమ్మ లేచేది. కోటేశ్వర్ అంటే కోటేశ్వర్ తల్లి లేచేది. ఎవరికీ వింతగా తోచలేదు. మాత్రలు వస్తున్నాయి, తల తిరగడం తగ్గింది, బీపీ అదుపులోకి వచ్చింది. కంప్యూటరుకు కావలసిన అంకెలు కంప్యూటరుకు అందాయి. అందరూ చల్లగా ఉన్నారు.

అట్లా చల్లగా ఉండనివ్వకపోవడమే పరిశోధన.

హైదరాబాదు నుంచి ఒక సంస్థ వచ్చింది. ఆత్మకూరులో ఆఫీసు పెట్టింది. బీపీ అదుపులో ఉన్నవాళ్లకు మాత్రలు మెల్లగా తగ్గించి చూస్తే ఏమవుతుందో కనుక్కోవాలని వాళ్ల ఉద్దేశం. ప్రశ్న మంచిదే. అక్కరలేని మాత్ర మనిషి చేత మింగించడం ఎవరికీ పుణ్యం కాదు. చిక్కంతా ఆ ప్రశ్నకు మనుషుల్ని వెతికిన తీరులో ఉంది.

పూర్వం అయితే ఇట్లాంటి పనికి సుకుమారిని పంపేవాళ్లు. ఆమె వీధి మలుపు తిరిగేసరికే ఎవరి మాత్రలు ఎవరు మింగుతున్నారో బయటపడేది. ఇప్పుడు అది మోటు పద్ధతట. సంస్థ వాళ్ల దగ్గర కొత్త జల్లెడ ఉంది. ఆరోగ్య కేంద్రాల కంప్యూటర్లలో ఉన్న పేర్లన్నీ దాంట్లో పోస్తే, కావలసిన రోగులు పైన నిలుస్తారు, తక్కినవాళ్లు కిందికి రాలిపోతారు. గడప తొక్కనక్కర లేదు. ఎండ తగలదు, కుక్క మొరగదు. సంస్థ డైరెక్టరు దీన్ని గురించి మాట్లాడేటప్పుడు, కొడుకు మొదటి ర్యాంకు తెచ్చుకున్న తండ్రిలా ఉండేవాడట.

జల్లెడ ఆడించారు. పైన మొట్టమొదట నిలిచిన పేరు పెంచలనరసయ్య.

దాంతోపాటు ఇంకో అద్భుతం కూడా బయటపడింది. దేశమంతటా మగవాళ్లు బీపీ మాత్రలు మానేస్తుంటే, ఇక్కడ మాత్రం మగవాళ్లు పోటీలు పడి మింగుతున్నారు. ఆడవాళ్లే ఆస్పత్రి మొహం చూడటం లేదు. పడమటి నెల్లూరు మగవాడు ప్రపంచంలోకెల్లా క్రమశిక్షణ గల రోగి అని ల్యాప్‌టాపు రంగురంగుల గీతలతో తేల్చింది. ఇంత గొప్ప సంగతిని ఒకసారి ఊళ్లోకి పోయి చూసి వద్దామని ఒక్కరికీ అనిపించలేదు. అనిపిస్తే ఇంక జల్లెడ ఎందుకు?

జల్లెడలో నిలిచినవాళ్లందరి ఫోన్లకూ కంప్యూటరే ఫోను చేసింది. ఇంట్లో ఉండే ఆ ఒక్క ఫోనూ చెంచులక్ష్మి పొయ్యి ముందు ఉండగా మోగింది. ఎవరో ఆడగొంతు, గుక్క తిప్పుకోకుండా ఏదేదో చదివి, సమ్మతమైతే ఒకటి నొక్కమంది. ఒకటి నొక్కితే గ్యాసు సిలిండరు వస్తుంది, అంతవరకూ ఆమెకు బాగా తెలుసు. అదీగాక సిలిండరు అడుగంటి ఉంది. నొక్కింది. తన శరీరం మీద పరిశోధనకు పెంచలనరసయ్య మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడని హైదరాబాదులో నమోదైంది.

సిలిండరుకు బదులు జీపు వచ్చింది. జీపులోంచి దివ్యశ్రీ అనే అమ్మాయి దిగింది. చదువుకున్న పిల్ల, చెప్పిన పని శ్రద్ధగా చేసే పిల్ల. వానలు పడ్డ రోజులు కాబట్టి పెంచలనరసయ్య ఇంట్లోనే ఉన్నాడు. ఆమె ఆయన్ను చూడగానే రెండు చేతులూ జోడించింది. గొర్రెల బేరగాళ్లు తప్ప తన కోసం ఎవరూ రాని మనిషికి, జీపేసుకొని వచ్చి దండం పెట్టేవాళ్లు దొరికేసరికి వెన్ను దానంతటదే నిటారైంది.

“క్రమం తప్పకుండా మాత్రలు వేసుకుంటారు గదా?” అని అడిగింది దివ్యశ్రీ.

ఆయన నోరు తెరిచేలోపు వెనక నుంచి చెంచులక్ష్మి వీపు గిల్లింది. జీపు ఊళ్లోకి వస్తోందని సుకుమారి ముందే పరిగెత్తుకొచ్చి హెచ్చరించి పోయింది. ఒకరి పేరు మీద ఇంకొకరు మందు తీసుకున్నారని తేలితే మాత్రలు నిలిపేస్తారు, శాంతికుమార్ ఉద్యోగం ఊడుతుంది అని. పెంచలనరసయ్య గిల్లుడు అర్థమైన మొగుడిలా తల ఊపాడు. దివ్యశ్రీ ఆయన చేతికి పట్టీ కట్టి బీపీ చూసింది. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఉన్నట్టు ఉంది. ఆ పిల్ల మొహం దీపంలా వెలిగింది. ఇట్లాంటి కంట్రోలు తాను పుస్తకాల్లో కూడా చూడలేదంది.

కంట్రోలు అంత బాగుంది కనుక ఆయనకు ఒక మాత్ర తీసేశారు. మరుసటి నెల రెండోదీ తీసేశారు. దివ్యశ్రీ వారం వారం వచ్చి ఆయన చెయ్యి పట్టుకొని చూస్తుంది. బీపీ వెంట్రుకవాసి కదల్లేదు. ఉంటే గదా కదిలేది. మందు మానేసినా పెరగని బీపీ! హైదరాబాదులో ఆ రోజు స్వీట్లు పంచుకున్నారని తర్వాత జీపు డ్రైవరు చెప్పాడు.

కొర్రపాటిపల్లెలో చెంచులక్ష్మి ఉత్త చేతులతో ఇంటికి వచ్చింది. మందుల కిటికీ దగ్గర ఉన్నాయన తెర తిప్పి చూపించాడు. ఆ పేరు పక్కన ఎర్ర గుర్తు ఉంది. ‘పరిశోధనలో ఉన్నారు, మందు ఇవ్వరాదు.’ అది చదివి వినిపించి, తన చేతుల్లో ఏమీ లేదని చేతులు చూపించాడు.

ఆమె శాంతికుమార్ దగ్గరికి పోయింది. తనను తన పేరు మీదే కొత్తగా రాయమంది. అతను పాపం ప్రయత్నం చేశాడు. వేలు పడలేదు. ఫోను నంబరు కొట్టాడు. ఆ నంబరు గలవారు ఇప్పటికే పరిశోధనలో ఉన్నారు, ఒకే మనిషిని రెండుసార్లు రాయడం కుదరదు పొమ్మంది కంప్యూటరు. మొగుడు పరిశోధనలో ఉన్నంతకాలం పెళ్లాం భూమ్మీద లేనట్టే.

ఉదయగిరి పోయి మందుల షాపులో పాత మాత్రల అట్ట ముక్క చూపించి మాత్రలు కొన్నది. షాపువాడు రెండు రకాలకు ఒక రకం ఇచ్చాడు. రెండోదానికి చీటీ కావాలన్నాడు. మాత్ర అమ్మే షాపులో బీపీ చూసే దిక్కు లేదు. ఇది చాలుతోందో లేదో చెప్పే మనిషి లేడు. కొన్నాళ్లకు కందిచేలో గట్టు మళ్లీ ఒరగడం మొదలుపెట్టింది. పొద్దున లేవగానే ఎడమ చేతి వేళ్లు ముడిచి, విప్పి చూసుకోవడం అలవాటైంది.

ఒకరోజు దివ్యశ్రీ ఇంటికి వచ్చినప్పుడు ఉండబట్టలేక తన చెయ్యి కూడా చాపింది.

“అమ్మాయ్, నాకూ ఒకసారి చూడు తల్లీ.”

దివ్యశ్రీ నొచ్చుకుంది. నిజంగానే నొచ్చుకుంది. “మీరు నా లిస్టులో లేరమ్మా. పార్టిసిపెంటు నంబరు కొడితేగానీ ఈ మెషీను తెరుచుకోదు” అంది.

మనిషి ఎదురుగా ఉంది, చెయ్యి చాపి ఉంది, పట్టీ సంచిలో ఉంది. తెరుచుకోనిది మెషీను ఒక్కటేనా?

ఇది చాలదన్నట్టు ఆడవాళ్లకు అవగాహన తరగతి ఒకటి పెట్టారు. ఇక్కడి ఆడవాళ్లు ఆరోగ్యం పట్టించుకోరని ల్యాప్‌టాపు చెప్పింది గదా, వాళ్లను బాగుచేయాలి. ఊరి ఆడవాళ్లను బడిలో కూర్చోబెట్టి, మీ మగవాళ్లను చూసి నేర్చుకోండి అని దివ్యశ్రీ నచ్చజెప్పింది. శీనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సుకుమారి మాత్రం అమ్మాయిని ఒక్క మాటడిగింది, ఏం నేర్చుకోవాల మా, బీడీ తాగడమా అని. తరగతి అక్కడితో ముగిసింది.

ఇంటికి పోయి చెంచులక్ష్మి మొగుడితో గట్టిగానే చెప్పింది. ఆ పిల్ల ముందు నిజం ఒప్పుకో, నాకు బీపీ లేదు, బీపీ మా ఆడమనిషిది అని చెప్పు అని. పెంచలనరసయ్య గోడ వైపు చూశాడు. ఆయన బాధ ఆయనది. ఆత్మకూరులో పెద్ద సభ పెడుతున్నారు. ఉత్తమ రోగిగా ఆయన్ను వేదిక మీదికి పిలుస్తామన్నారు. గొర్రెలతో కలిపి ఫోటో కూడా తీసుకుపోయారు. పుట్టి ఇన్నేళ్లకు ఎవరో తన గురించి ఒక మంచిమాట మైకులో చెప్పబోతున్నారు.

“ఆత్మకూరు అయిపోనీమ్మే. ఆ ఒక్క దినం కానీ. ఆ మరుదినమే చెప్పేస్తా” అన్నాడు.

“మా యమ్మ మాదిరి నేను పడిపోతే, గంజి నువ్వు పోస్తావా?”

ఆయన కొత్త కండువా మడత విప్పి చూసుకున్నాడు.

సభ ఆత్మకూరులో ఒక ఫంక్షన్ హాల్లో. గుమ్మంలోనే మనిషికి రెండింతలు ఫ్లెక్సీ. దాని మీద పెంచలనరసయ్య, పక్కన పొట్టేలు, కింద ‘మందు మరువని మనిషి’ అని రాత. పొట్టేలు ముఖంలోనే కొంచెం సిగ్గు కనిపించింది. హాల్లోకి జనం వచ్చారు. సభకు రమ్మని ఫోన్లకే మెసేజీ వచ్చింది, ఫోను ఎవరి దగ్గరుంటే వాళ్లు వచ్చారు. మగవాళ్లు లారీల మీదా, కూలికీ, గొర్రెల వెంటా పోయి ఉంటారు కాబట్టి కుర్చీల నిండా చీరలే. వేదిక మీద నుంచి డైరెక్టరు ఆ చీరలన్నింటినీ చూసి, మగవాళ్లు తమ భార్యలను కూడా వెంట తీసుకురావడం చాలా సంతోషమన్నాడు.

తర్వాత గోడ మీద బొమ్మలు వేసి చాలాసేపు మాట్లాడాడు. పడమటి నెల్లూరు మగవాడి క్రమశిక్షణను పొగిడాడు. జల్లెడను అంతకంటే ఎక్కువ పొగిడాడు. ఇంటింటికీ తిరిగి అడిగే రోజులు పోయాయనీ, రోగి గురించి రోగికంటే కంప్యూటరుకే ఎక్కువ తెలుసనీ చెప్పాడు. వేదిక చివర కుర్చీలో కొర్రపాటిపల్లె డాక్టరు చంద్రశేఖర్ కూర్చొని ఉన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. రోజూ తెరవైపు చూస్తూ అంకెలు నింపీ నింపీ, ఎదుటి ముఖాన్ని చూడటం మరిచిపోయినవాడు.

బల్ల మీద బీపీ మెషీను పెట్టారు. అంకెలు వెనక పెద్ద తెర మీద పడేటట్టు తగిలించారు. మాత్రలు మానేసి ఇంతకాలమైనా ఈ మహానుభావుడి బీపీ ఎట్లా ఉందో మీరే కళ్లారా చూడండి అని డైరెక్టరు మైకులో పిలిచాడు.

“పెంచలనరసయ్య గారూ!”

ముందు వరసలో పెంచలనరసయ్య కండువా సర్దుకుంటున్నాడు. మూడో వరసలో చెంచులక్ష్మికి పొద్దుటి నుంచే తల దిమ్ముగా ఉంది. ఫ్యాన్లు ఒక పక్కకు ఒరుగుతున్నట్టున్నాయి. లేవాలని ఆమె అనుకోలేదు. ఆ పేరు వినబడింది, కాళ్లు లేచాయి. ఇన్నేళ్లూ ఆ పిలుపుకు లేచిన కాళ్లవి. నాలుగడుగులు వేశాక గానీ తాను ఎక్కడుందో ఆమెకు తెలియలేదు. తెలిసినాక ఆగలేదు. ఇప్పుడు వెనక్కి పోయి కూర్చుంటే మళ్లీ ఈ పట్టీ తన చేతికి ఎప్పటికీ తగలదని అర్థమైంది. మొగుడి పక్క నుంచే మెట్లెక్కి, కుర్చీలో కూర్చొని, చెయ్యి చాపింది.

మెషీను దగ్గరున్న కుర్రవాడు ముఖం చూసే రకం కాదు. చెయ్యి చూశాడు, పట్టీ కట్టాడు, మీట నొక్కాడు.

పెద్ద తెర మీద నూటతొంభై ఆరు, నూటపన్నెండు.

డైరెక్టరు ఒకసారి తెరవైపు, ఒకసారి ఆమెవైపు చూశాడు. అమ్మా, మీరెవరు, మేము పిలిచింది పెంచలనరసయ్య గారిని కదా అన్నాడు. దివ్యశ్రీ పరుగున వచ్చి, ఆమె ఆయన భార్య సార్ అని చెప్పింది.

“ఆ పేరుకు లేచేది నేనే సార్” అంది చెంచులక్ష్మి. మైకు పక్కనే ఉండటంతో మాట హాలంతా వినబడింది. “ఆస్పత్రిలో ఇన్నేండ్లూ నేనే లేచినా. పేరు ఆయనది, బీపీ నాది. మీరు మాత్రలు నిలిపింది ఆయనకు గాదు, నాకు. మా యమ్మ ఇట్నే పడిపోయింది. నేను పడేదాకా పరిశోధన చేస్తారా?”

డైరెక్టరు తెలివైనవాడు. మైకు చేత్తో మూసి దివ్యశ్రీతో ఏదో అన్నాడు. తర్వాత సభవైపు తిరిగి నవ్వాడు. ఇంత పెద్ద పనిలో ఒక్క పొరపాటు సహజమని చెప్పి, లిస్టులో తర్వాతి వారిని పిలవమన్నాడు.

“రమణయ్య గారూ” అంది దివ్యశ్రీ.

వెనక నుంచి శీనమ్మ లేచింది. “ఆయన లారీ ఎక్కి బద్వేలు పక్క పోయినాడు మా. మాత్రలు నాకే. ఆడికి రావాల్నా, ఈడే చెయ్యి చాపాల్నా?”

“కోటేశ్వర్ గారూ...”

కోటేశ్వర్ తల్లి కర్ర ఆనించుకొని లేవడానికి యాతన పడుతోంది. అంతకుముందే డైరెక్టరు ఒక బొమ్మ చూపించి, ఈ ప్రాంతంలో కుర్రవాళ్లకు కూడా బీపీ వస్తోందని ఆందోళన పడ్డాడు. ఆ కుర్రవాడు ఈ ముసలామే.

ముందు నవ్వింది సుకుమారి. ఆమె నవ్వాక ఇంకెవరూ ఆగలేదు. చీరల వరసలన్నీ ఊగిపోయాయి. ప్రపంచంలోకెల్లా క్రమశిక్షణ గల మగవాళ్లందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నారు. దివ్యశ్రీ మాత్రం నవ్వలేదు. తన ల్యాప్‌టాపు మెల్లగా మూసి, దాని మీద చేతులు పెట్టుకొని అట్లాగే నిలబడింది.

ఆ గోలలో లేచి నిలబడింది డాక్టరు చంద్రశేఖర్. ఆయన తెరమీది అంకెను చూస్తున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక అంకె ఆయనకు మనిషిలా కనబడింది. చెంచులక్ష్మిని కిందికి దించి, వెనక గదిలో బల్ల మీద పడుకోబెట్టి, తన కారులోని మందుల పెట్టె తెప్పించి మాత్ర వేయించాడు. నంబరు అడగలేదు, వేలు పెట్టమనలేదు. సభ ఆహ్వాన పత్రిక వెనక తెల్లగా ఉంటే, దాని మీద రెండు మందులూ పెన్నుతో రాసి సంతకం పెట్టాడు. పేరు అడిగితే ఆమె ‘చెంచులక్ష్మి’ అని చెప్పింది. డాక్టరుకు ఆ పేరు చెప్పడం ఆమెకు అదే మొదలు.

పెంచలనరసయ్య గది గుమ్మం దగ్గర కండువా చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. బయట ఫ్లెక్సీ కట్టెల నుంచి విప్పుతున్న చప్పుడు వినబడుతోంది.

తర్వాత ఏమైందంటే, పెద్దగా ఏమీ కాలేదు. కొందరు స్వంత కారణాల వల్ల పరిశోధన నుంచి తప్పుకున్నారని సంస్థ రాసుకొని, జల్లెడ చంకన పెట్టుకొని వేరే జిల్లాకు పోయింది. ఇంతమంది ఆడవాళ్ల రోగాలు మగవాళ్ల పేర్ల కింద ఎందుకు దాక్కున్నాయని అడిగిన నాథుడు లేడు. అడిగితే మనిషికి సొంత ఫోనూ, సొంత పాసుపుస్తకమూ, సొంత పేరూ ఎందుకు లేవని కూడా అడగాల్సి వస్తుంది. అది ఏ జల్లెడలోనూ పట్టదు.

తప్పులు దిద్దమని శాంతికుమార్‌కు మాత్రం ఉత్తరువు వచ్చింది. చెంచులక్ష్మిని కొత్తగా ఎక్కించబోతే వేలు మళ్లీ పడలేదు, ఫోను నంబరు మళ్లీ తిరగబడింది. డాక్టరు రాసిచ్చిన చీటీ చెల్లుతుందా అని మందుల కిటికీ దగ్గర వాదన. శాంతికుమార్ చుట్టూ చూసి, పాత వివరాల్లో ‘మగ’ అన్నచోట ‘ఆడ’ అని మార్చాడు. తెర పచ్చబడింది. ఎర్ర గుర్తు పోయింది, మాత్రలు వచ్చాయి. పెంచలనరసయ్య మళ్లీ నెల తప్పకుండా రావడం మొదలుపెట్టింది.

చలికాలంలో అసలు పెంచలనరసయ్యకు జ్వరం తగులుకుంది. మంద కాడ మంచులో పడుకొని దగ్గు పట్టించుకున్నాడు. మాత్ర గొర్రెకే గానీ మనిషికి కాదన్నవాడు, పెళ్లాం వెంట నోరు మూసుకొని ఆరోగ్య కేంద్రం మెట్లెక్కాడు. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. కొత్త సిస్టరు పిలిచింది.

“పెంచలనరసయ్యా!”

ఆయన సగం లేచాడు. చెంచులక్ష్మి పూర్తిగా లేచింది. సిస్టరు తెరవైపు చూసింది. అక్కడ ఆడ అని ఉంది. ఆయన్ను చూసి, నువ్వెవరు తాతా అంది. నేనే పెంచలనరసయ్యను అన్నాడాయన. అన్నాడు గానీ, గొంతులో అంత ధీమా లేదు. శాంతికుమార్ తల వంచుకొని ఆ నంబరు ఆడమనిషి పేరు మీద నడుస్తోందనీ, ఈయన కార్డు ఇప్పుడు తెరుచుకోదనీ గొణిగాడు.

పెంచలనరసయ్య పెళ్లాం వైపు చూశాడు. ఫ్లెక్సీ మీదికి ఎక్కిన మనిషి చూసే చూపు కాదది.

చెంచులక్ష్మి కొంగుముడి విప్పి, ఇన్నేళ్లుగా ఎవరికీ అక్కరకు రాని తన సొంత కార్డు తీసి బల్ల మీద ముందుకు జరిపింది.

“ఈయన జొరం నా పేరు మీద రాసుకో అబ్బయా. పిలిస్తే లేస్తాడు. నేను నేర్పిస్తాలే.”

అని చెయ్యి చాపింది. సిస్టరు పట్టీ కట్టి చూసింది. బీపీ అదుపులోనే ఉంది.